సొమ్ము మనది, సోకు వాళ్ళది

విండోస్ కంప్యూటర్లో వాట్సాప్ పడిన పాట్లు ఒకసారి వరసగా చూడండి. 2016లో మొదటిసారి డెస్క్‌టాప్ మీదికి వచ్చినప్పుడు అది ఎలక్ట్రాన్ యాప్. అంటే పైకి వాట్సాప్ కిటికీ, లోపల మొత్తంగా ఒక క్రోమియం బ్రౌజర్, ఆ బ్రౌజర్‌లో ఒక వెబ్ పేజీ. బరువుగా ఉందని, నత్తనడక నడుస్తోందని జనం తిట్టుకున్నారు. 2022లో కంపెనీ దారికొచ్చి, విండోస్ కోసమే కూర్చుని రాసిన నేటివ్ యాప్‌ను విడుదల చేసింది. అది చప్పున తెరుచుకునేది, తక్కువ మెమరీతో సర్దుకునేది. మూడేళ్ళు గడిచాయి. 2025 చివరికొచ్చేసరికి దాన్ని పక్కకు నెట్టేసి, మళ్ళీ వెబ్ పేజీనే వెబ్‌వ్యూ2 అనే చట్రంలో బిగించి మన నెత్తిన పెట్టారు. పేరు అదే, పచ్చ గుర్తు అదే. తినే మెమరీ మాత్రం మళ్ళీ వందల ఎంబీలకు ఎగబాకింది.

డబ్బుల్లేక చేశారా ఈ పని? దాని యజమాని మెటా, భూమ్మీద అత్యంత సంపన్నమైన కంపెనీల్లో ఒకటి. నేటివ్ యాప్ రాయడం చేతకాక చేశారా? చేతనైందని మూడేళ్ళు వాళ్ళే రుజువు చేశారు. ఒకే కోడ్‌ను అన్నిచోట్లా తిప్పుకుంటే ఒక జట్టు జీతాలు మిగులుతాయి, కొత్త ఫీచరు ఒకేసారి అన్నిచోట్లా దించొచ్చు. అంతే సంగతి. ఆ మిగులు ఎక్కడినుంచి వచ్చిందో కంపెనీ లెక్కల పుస్తకంలో కనిపించదు. మన ర్యామ్‌లోంచి వచ్చింది. మన బ్యాటరీలోంచి, మన కరెంటు బిల్లులోంచి వచ్చింది. "సిస్టమ్ స్లో అయిపోయింది, మార్చేయాలి" అనుకుంటూ మనం షాపులో కట్టే డబ్బులోంచి వచ్చింది.

అందుకే, నేటివ్ సాఫ్ట్‌వేర్ గొడవ ఇంజనీర్లు టీ తాగుతూ చేసుకునే కులాసా కబురని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, సుఖం ఎవరు అనుభవించాలి అన్న పాత తగాదా ఇది. ప్రపంచంలోకెల్లా డబ్బున్న కంపెనీలు తమ పొదుపు కోసం, ప్రపంచంలోకెల్లా చవక కంప్యూటర్ల మీద పన్ను వేస్తున్నాయి.

నేటివ్ అంటే ఏమిటని అడిగితే చాలామంది సగం జవాబు దగ్గరే ఆగిపోతారు. ఆ సగం ప్రాసెసర్‌కి సంబంధించింది. 2020 నవంబరులో ఆపిల్ ఎం1 చిప్‌తో మ్యాక్‌లు తెచ్చినప్పుడు, ఇంటెల్ చిప్‌ల కోసం తయారైన పాత ప్రోగ్రాములు దాని మీద నేరుగా నడవలేకపోయాయి. రొసెట్టా 2 అనే అనువాదకుడు మధ్యలో నిలబడి ఇంటెల్ ఆదేశాలను కొత్త చిప్‌కి అర్థమయ్యేలా మార్చిపెట్టాడు. అనువాదం అక్కర్లేకుండా ఆ చిప్ ఆదేశాల్లోనే తయారైన ప్రోగ్రాము నేటివ్. ఇది నిజమే, కొలవడానికి తేలికే. కానీ చిప్‌కి నేటివ్‌గా ఉంటూనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి పూర్తిగా పరాయిగా ఉండొచ్చు. ఎలక్ట్రాన్ యాప్‌లలోని క్రోమియం కూడా ఎం1 కోసం కంపైల్ అయిందే. దాంతో ఒరిగిందేమిటి?

రెండో సగం అసలు విషయం. ఒక్క బటన్ తీసుకోండి. విండోస్ గానీ మ్యాక్ గానీ ఇచ్చే బటన్‌ను ప్రోగ్రామర్ వాడుకుంటే దాంతోపాటు చాలా సరంజామా ఉచితంగా వస్తుంది. చూపు లేనివాళ్ళ కోసం పనిచేసే స్క్రీన్ రీడర్‌కి "ఇక్కడ ఫలానా పేరుతో ఒక బటన్ ఉంది" అని ఆ బటనే చెప్పుకుంటుంది. ట్యాబ్ నొక్కితే దాని మీదికి వెళ్ళొచ్చు, స్పేస్ నొక్కితే పని చేస్తుంది. చత్వారం వచ్చిన మనిషి సెట్టింగ్స్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుంటే అదీ పెద్దదవుతుంది. డార్క్ మోడ్ పెడితే నల్లబడుతుంది. వచ్చే ఏడాది ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఇంకో సదుపాయం వస్తే, యాప్ రాసినవాడు చాలాసార్లు వేలు కదపక్కర్లేకుండానే అదీ అందుతుంది. ఇప్పుడు అదే బటన్‌ను ఒక కంపెనీ తన సొంత రంగుల్లో, సొంత కోడ్‌తో తెర మీద బొమ్మలా గీసుకుందనుకోండి. పైన చెప్పినవాటిలో ప్రతి ఒక్కటీ మళ్ళీ చేత్తో కట్టాలి. కొన్ని కడతారు. మిగతావి వచ్చే త్రైమాసికానికి వాయిదా పడతాయి. ఆ త్రైమాసికం రాదు.

కాబట్టి నేటివ్‌గా ఉండటమంటే ప్లాట్‌ఫామ్ ఇప్పటికే చేసిపెట్టిన పనిని వాడుకోవడం, అక్కడి మర్యాదలు పాటించడం. ఆ మర్యాదలు అలంకారం కోసం పుట్టలేదు. మనిషి ఒక కంప్యూటర్‌తో ఏళ్ళ తరబడి మెలిగి వేళ్ళకు నేర్పుకున్న విద్య అది. రైట్ క్లిక్ చేస్తే ఏం రావాలో, కిటికీ మూస్తే ఏం జరగాలో, ఫైలును లాగి ఎక్కడ పడేయొచ్చో అతనికి ఆలోచించకుండానే తెలుసు. ఆ విద్య అతని ఆస్తి. దాన్ని చెల్లని నోటుగా మార్చే హక్కు ఏ ప్రోడక్ట్ మేనేజరుకీ లేదు.

ఈ ఆస్తిని తొక్కితే ఏమవుతుందో మైక్రోసాఫ్ట్ 1994లోనే చవిచూసింది. మ్యాక్ వాడేవాళ్ళు ప్రాణంగా చూసుకున్న వర్డ్ 5.1 అప్పటికి ఉండేది. చిన్నది, చురుకైనది, మ్యాక్ తీరు తెలిసినది. మైక్రోసాఫ్ట్‌కి మాత్రం విండోస్ వర్డ్‌కి ఒక కోడ్, మ్యాక్ వర్డ్‌కి ఇంకో కోడ్ పోషించడం దండగనిపించింది. విండోస్ వైపు కోడ్‌నే మ్యాక్ మీదికి తెచ్చి వర్డ్ 6 పేరుతో అమ్మింది. కాగితం మీద ఆ వాదన ముచ్చటగానే ఉంటుంది: రెండు చోట్లా ఒకే ఫీచర్లు, ఒకే ఫైళ్ళు, ఒకేసారి విడుదల. మ్యాక్ జనం మాత్రం తిరగబడ్డారు. తెరుచుకోవడం ఆలస్యం, మెమరీ మింగేస్తోంది, మెనూల నుంచి డైలాగుల దాకా అన్నిట్లో విండోస్ వాసనే. గోల ఎంతదాకా వెళ్ళిందంటే, అమ్మకం ఆపేసిన వర్డ్ 5ను కంపెనీ మళ్ళీ అందుబాటులో పెట్టాల్సి వచ్చింది. కొత్తది కొన్నవాడికి పాతది ఇచ్చి శాంతింపజేసే గతి పట్టిన కంపెనీలు ఎన్ని ఉంటాయి? 1997లో మైక్రోసాఫ్ట్ మ్యాక్ కోసమే ప్రత్యేక విభాగం పెట్టింది. అక్కడినుంచి వచ్చిన ఆఫీస్ 98ను అవే జనాలు మెచ్చుకున్నారు.

గమనించండి, వర్డ్ 6 ఆ మ్యాక్‌ల ప్రాసెసర్ కోసం కంపైల్ అయిన ప్రోగ్రామే. వెబ్ పేజీ కాదు, అనువాదకుడు లేడు. అయినా జనం దాన్ని పరాయిదిగా చూశారు. చిప్ లెక్క దగ్గరే ఆగిపోయేవాళ్ళకు ఇంతకన్నా పాఠం ఏముంది?

ఈ పాఠాన్ని పరిశ్రమ ప్రతి పదేళ్ళకోసారి మరిచిపోతూ ఉంటుంది. 1990లలో జావా వచ్చి ఒకసారి రాయండి, ఎక్కడైనా నడపండి అంది. సర్వర్ల మీద ఆ మాట నిలబడింది. డెస్క్‌టాప్ మీద మాత్రం జావా కిటికీలు ఏ ఊరికీ చెందనట్టు ఉండేవి, వాటిని దూరం నుంచే పోల్చుకోవచ్చు. తర్వాత ఫేస్‌బుక్ వంతు. మొబైల్ యాప్‌ను హెచ్‌టీఎంఎల్5 అనే వెబ్ పేజీల భాష మీద కట్టి, వాడేవాళ్ళ సహనాన్ని కరిగించి, 2012 ఆగస్టులో ఐఫోన్ యాప్‌ను నేటివ్‌గా మళ్ళీ రాసుకుంది. నేటివ్‌ను కాదని హెచ్‌టీఎంఎల్5 మీద అతిగా పందెం కాయడం కంపెనీగా తాము చేసిన అతిపెద్ద తప్పని ఆ సెప్టెంబరులో మార్క్ జుకర్‌బర్గ్ వేదికెక్కి చెప్పారు. పదమూడేళ్ళ తర్వాత, విండోస్ వాట్సాప్‌ను నేటివ్ నుంచి వెబ్ పేజీకి దించింది కూడా ఆ పెద్దమనిషి కంపెనీయే. ఇది మరుపని నేననుకోను. 2012లో ఐఫోన్ వాడేవాడు వెళ్ళిపోతాడన్న భయం ఉంది. 2025లో వాట్సాప్ వదిలి ఎక్కడికి పోతాం? చుట్టాలు, స్కూలు గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు అన్నీ అక్కడే. పోలేడని తెలిసినవాడి మీదే పన్ను వేస్తారు.

ఇక ఎలక్ట్రాన్ సంగతికొద్దాం. గిట్‌హబ్ సంస్థ ఆటమ్ అనే ఎడిటర్ కోసం 2013లో దీన్ని మొదలుపెట్టింది. క్రోమియం బ్రౌజర్‌ను, నోడ్ జేఎస్‌ను కలిపి ఒక మూటగా కట్టింది. ఆ మూటలో మీ వెబ్ పేజీ పెడితే చాలు, విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటి మీదా యాప్ తయారు. స్లాక్, డిస్కార్డ్, నోషన్, పోస్ట్‌మ్యాన్, సిగ్నల్ అన్నీ ఈ మూటలే. "హలో" అని చూపించే ఖాళీ యాప్ కూడా డిస్కు మీద వంద ఎంబీలకు పైమాటే, ఎందుకంటే ప్రతి యాప్‌లోనూ పూర్తి బ్రౌజర్ విడిగా ఉంటుంది. వచ్చిన ప్రతి చుట్టమూ తన గ్యాస్ స్టవ్వు, సిలిండరు మోసుకొచ్చి మన హాల్లోనే వంట మొదలుపెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఈ వ్యవహారం.

నమ్మకం లేకపోతే టాస్క్ మేనేజర్ తెరవండి. మీ చాట్ యాప్ పేరు పక్కనున్న చిన్న బాణం నొక్కండి. ఒక్క పేరు కింద నాలుగైదు, కొన్నిసార్లు అంతకుమించి ప్రాసెస్‌లు బారు కట్టి ఉంటాయి. ఒకటి యజమాని. ఒకటి పేజీని గీసేది. ఒకటి గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడేది. ఒకటి నెట్‌వర్క్ చూసుకునేది. ఇదంతా, ఒక మనిషి ఇంకో మనిషికి "వచ్చేస్తున్నా" అని మెసేజ్ పెట్టడానికి! బ్రౌజర్‌కి ఇన్ని ప్రాసెస్‌లు ఉండటంలో అర్థముంది. ముక్కూ మొహం తెలియని వేల సైట్లను తెరవాలి, ఒకటి చెడితే ఇంకొకటి చెడకూడదు. ఒకే కంపెనీ రాసిన ఒకే పేజీని చూపించడానికి ఆ కోట గోడలన్నీ దేనికి? మండల కేంద్రంలో జిరాక్స్ షాపు నడిపేవాడి నాలుగు జీబీ సిస్టమ్‌లో వాట్సాప్ ఒకటి, బ్రౌజర్ ఒకటి, దరఖాస్తులు నింపే పేజీలు నాలుగు తెరిచేసరికి ఫ్యాన్ గుయ్యిమంటుంది, మౌస్ కదలదు. బయట లైన్లో నిలబడ్డవాళ్ళు అతన్నే తిడతారు. కాలిఫోర్నియాలో జీతాలు మిగుల్చుకున్నవాణ్ణి ఎవరూ తిట్టరు.

మెమరీ సంగతి వదిలేసి భద్రత చూద్దాం. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ బొమ్మలను చదివే లిబ్‌వెబ్‌పీ లైబ్రరీలో ప్రమాదకరమైన లోపం బయటపడింది. దుండగులు దాన్ని అప్పటికే వాడేస్తున్నారు. గూగుల్ క్రోమ్‌ను వెంటనే సరిచేసింది. క్రోమ్ వాడేవాళ్ళు బతికిపోయారు. కానీ ప్రతి ఎలక్ట్రాన్ యాప్ కడుపులోనూ ఆ లైబ్రరీ కాపీ ఒకటి ఉంది. ఎలక్ట్రాన్ సరిచేసుకున్న తర్వాత, దాన్ని వాడే ప్రతి కంపెనీ విడివిడిగా కొత్త వెర్షన్ కట్టి, పరీక్షించి, మనదాకా పంపాలి. శ్రద్ధ ఉన్న కంపెనీలు రోజుల్లో పంపాయి. ఎప్పుడో రాసి వదిలేసిన యాప్‌ల సంగతి? అవి ఇవాళ్టికీ ఎవరో ఒకరి లాప్‌టాప్‌లో అలాగే తెరుచుకుంటున్నాయి.

ఇక్కడ ఎదుటిపక్షం ఒక మంచి ప్రశ్న వేయొచ్చు. అందరూ ఆపరేటింగ్ సిస్టమ్ మీదే ఆధారపడితే, అక్కడ ఒక్క లోపం వస్తే అందరూ కూలరా? కూలతారు. తెలుగువాళ్ళకు ఇది బాగా గుర్తుండాలి, ఎందుకంటే 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతటా ఐఫోన్లను కూల్చింది మన జ్ఞా. జకారం, పొల్లు, ఞకారం, ఆ తర్వాత కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు, చివర దీర్ఘం. ఈ వరసలో వచ్చిన అక్షరాన్ని గీయబోయి ఐఓఎస్ 11.2.5లోని టెక్స్ట్ ఇంజన్ కుప్పకూలేది. మెసేజ్ తెరిస్తే మెసేజెస్ యాప్ పోయేది. నోటిఫికేషన్‌గా వస్తే ఫోనే మొరాయించేది. ఆపిల్ వాళ్ళు ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేశారు. ఆ ఒక్క అప్‌డేట్‌తో, సిస్టమ్ టెక్స్ట్ ఇంజన్ మీద ఆధారపడ్డ ప్రతి యాప్ ఒకేసారి బాగుపడింది. ఏ యాప్ కంపెనీనీ ఎవరూ బతిమాలుకోలేదు. లోపాలు రెండు చోట్లా వస్తాయి. ఒకచోట వాటిని సరిచేయాల్సిన చేయి ఒక్కటే, అది ఎవరిదో అందరికీ తెలుసు. రెండోచోట వందల చేతులు కదలాలి, అందులో సగం ఉద్యోగం మారి వెళ్ళిపోయినవి.

సిస్టమ్ లోపలి వైరింగ్‌లో చేయిపెట్టే పరాయి మూట ఇల్లంతటికీ చేటు తెస్తుంది. 2025 సెప్టెంబరులో మ్యాక్ ఓఎస్ టాహో వచ్చింది. ఎలక్ట్రాన్ లోపల, కిటికీ మూలల ఆకారం కోసం ఆపిల్ బయటకు ఇవ్వని ఒక సొంత ఫంక్షన్‌ను మార్చి వాడుకున్న కోడ్ ఉండేది. కొత్త సిస్టమ్‌లో దాని దెబ్బకు కిటికీలు గీసే వ్యవస్థ మీద భారం విపరీతంగా పెరిగి, ఎలక్ట్రాన్ యాప్ ఊరికే తెరిచి ఉన్నా మ్యాక్ మొత్తం నెమ్మదించింది. ఎలక్ట్రాన్ బృందం త్వరగానే సరిచేసింది. ఆ తర్వాత మళ్ళీ అదే కథ. మీ దగ్గరున్న యాప్‌లలో ఏవి కొత్త ఎలక్ట్రాన్‌కి మారాయో, ఏవి మారలేదో వెతుక్కునే పని వాడేవాడి నెత్తిన పడింది.

తెలుగు ఊసు వచ్చింది కాబట్టి ఇంకో మాట. "లక్ష్మి" అని టైప్ చేస్తే మెమరీలో పడేవి ఏడు గుర్తులు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. తెర మీద మాత్రం క కింద ష వత్తు కలవాలి, దాని పక్కన మ వత్తు అమరాలి, చివర కొట్టిన గుడి వెనక్కి నడిచి క నెత్తిన కూర్చోవాలి. ఈ పని చేయడానికి విండోస్‌లో ఒకప్పుడు యూనిస్క్రైబ్, తర్వాత డైరెక్ట్‌రైట్, ఆపిల్‌లో కోర్ టెక్స్ట్, ఆండ్రాయిడ్‌లో హార్ఫ్‌బజ్ ఉన్నాయి. క్రోమియంలోనూ హార్ఫ్‌బజ్ ఉంది కాబట్టి ఈ ఒక్క విషయంలో ఎలక్ట్రాన్‌ను తిట్టలేను. కానీ సొంతంగా అక్షరాలు గీసుకునే సాఫ్ట్‌వేర్ చూడండి. ఆటలు తయారుచేసే ఇంజన్లలో చాలాకాలం ఈ కూర్పు యంత్రమే లేదు. గోడో ఇంజన్‌కి 2023లో నాలుగో వెర్షన్‌తోగానీ రాలేదు. అది లేనిచోట లక్ష్మి ఎముకలు విరిగి, పొల్లులు బయటపడి, వత్తులన్నీ నిండక్షరాలై వరసగా నిలబడేది.

అంతకుముందు మన డీటీపీ సెంటర్లు అనుభవించిందీ ఇదే. పుస్తకాల పేజీలు తయారుచేసే పేజ్‌మేకర్‌కి తెలుగు కూర్పు తెలియదు. అందుకని అను ఫాంట్లలాంటివి ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టి పని నడిపించాయి. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో యూనికోడ్ తెలుగు చూపించగలిగింది, అయినా ప్రచురణ సాఫ్ట్‌వేర్ సిస్టమ్ మాట వినకుండా తన పాత పద్ధతిలోనే ఉండిపోయింది. ఆ ఏళ్ళలో టైప్ అయిన పుస్తకాల ఫైళ్ళను ఇవాళ తెరిస్తే ఆ ఫాంటు లేనిచోట అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. ఒక మాట వెతకాలంటే దొరకదు. ప్లాట్‌ఫామ్‌తో పొత్తు కుదరని సాఫ్ట్‌వేర్‌కి మన భాష కట్టిన జరిమానా అది, ఇంకా కడుతూనే ఉంది.

ఇక నా మీదికి వచ్చే వాదనలు. మొదటిది విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటర్. ఎలక్ట్రాన్‌లో కట్టినా చురుగ్గా ఉంది కదా అంటారు. ఉంది. మైక్రోసాఫ్ట్‌లో ఆరితేరిన జట్టు ఏళ్ళ తరబడి చెమటోడ్చి దాన్ని అలా నిలబెట్టింది. దాంట్లో ఫైళ్ళన్నీ వెతికే పని చేసేది రిప్‌గ్రెప్ అనే, రస్ట్ భాషలో రాసిన నేటివ్ ప్రోగ్రాము అని గుర్తుచేయాలి. వేగం కావాల్సినచోట వాళ్ళూ వెబ్‌ను వదిలి ఇటే వచ్చారు. ఎలక్ట్రాన్ పుట్టుకకు కారణమైన ఆటమ్ ఎడిటర్ 2022 డిసెంబరులో మూతపడింది. దాన్ని సృష్టించిన నేథన్ సోబో బృందమే జెడ్ అనే కొత్త ఎడిటర్ మొదలుపెట్టింది. దేనిలో రాశారు? వెబ్‌ను పూర్తిగా వదిలేసి, రస్ట్‌లో. వంట చేసినవాళ్ళే ఆ విస్తరి ముందు నుంచి లేచిపోయాక మనల్ని ఇంకా వడ్డించుకోమంటున్నారు.

రెండో వాదన ఖర్చు. మూడు ప్లాట్‌ఫామ్‌లకు మూడు జట్లు ఎవరు పెడతారని. ఎయిర్‌బీఎన్‌బీ 2016లో ఇదే ఆశతో, ఒకే కోడ్‌తో రెండు రకాల ఫోన్లకూ యాప్ కట్టే రియాక్ట్ నేటివ్ ఎత్తుకుని, 2018లో దించేసింది. ఐఓఎస్, ఆండ్రాయిడ్ అనే రెండు బదులు ఒక్కటి అవుతుందనుకుంటే, మధ్యలో వంతెన కూడా తోడై మూడింటిని చూసుకోవాల్సి వచ్చింది. రియాక్ట్ నేటివ్‌తో లాభపడ్డవాళ్ళూ ఉన్నారు, కాదనను. ఖర్చు మాయమవుతుందన్న మాటే అబద్ధం, అది చోటు మారుతుంది. అంతేకాదు, కోడ్ రాసే శ్రమను మా కృత్రిమ మేధ తగ్గించేస్తుందని ఊదరగొడుతున్న కంపెనీల్లో కొన్ని తమ సొంత డెస్క్‌టాప్ యాప్‌లను ఎలక్ట్రాన్‌లోనే ఇస్తున్నాయి. ఏ భాషలోనైనా కోడ్ రాసిపెట్టే యంత్రం చేతిలో ఉంచుకుని, మూడు భాషల్లో రాయడం కష్టమని ఎవరికి చెబుతున్నట్టు?

మూడో వాదనలో న్యాయముంది. లైనక్స్ వాడేవాళ్ళకు ఎలక్ట్రాన్ పుణ్యమా అని స్లాక్, డిస్కార్డ్ అందాయి. అది లేకపోతే వాళ్ళను ఏ కంపెనీ పట్టించుకునేది కాదు. ఒక్కడే కూర్చుని రాత్రిళ్ళు యాప్ రాసుకునే కుర్రవాడికీ అది పెద్ద సాయం. వాళ్ళ మీద నాకు కోపం లేదు. స్తోమత లేనివాడు అద్దె సైకిలు ఎక్కితే తప్పేముంది? వేల మంది ఇంజనీర్లను పోషించే కంపెనీ ఆ కుర్రవాడి కష్టాన్ని సాకుగా చూపిస్తేనే నాకు మంట. అలాగే, నేటివ్ అంటే ఆపిల్, గూగుల్ దుకాణాలకు కప్పం కట్టడమేనని, వెబ్ ఒక్కటే స్వేచ్ఛ అని వాదించేవాళ్ళున్నారు. అయితే దర్జాగా వెబ్‌లోనే ఉండండి. బ్రౌజర్‌లో తెరుచుకునే సైటు బ్రౌజర్‌కి చక్కగా నేటివ్. ట్యాబ్ మూస్తే పోతుంది, లింకు పంపొచ్చు, అక్షరాలు పెంచుకోవచ్చు, క్రోమ్ బాగుపడితే అదీ బాగుపడుతుంది. ఆ సైటునే రహస్యంగా ఇంకో బ్రౌజర్‌లో చుట్టి "డెస్క్‌టాప్ యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి" అని గుమ్మం దగ్గర పీక పట్టుకోవడంలో ఏ స్వేచ్ఛా లేదు.

ప్లాట్‌ఫామ్ యజమానులను వదిలేస్తే ఈ తిట్టు సగమే అవుతుంది. విండోస్ కోసం యాప్ రాయాలంటే ఏ పద్ధతిలో రాయాలని మైక్రోసాఫ్ట్‌ను అడగండి. విన్32, విన్‌ఫార్మ్స్, డబ్ల్యూపీఎఫ్, సిల్వర్‌లైట్, యూడబ్ల్యూపీ, విన్‌యూఐ 3. ప్రతి కొన్నేళ్ళకూ భవిష్యత్తంతా ఇదేనని ఒట్టేసి, తర్వాత దాన్ని గాలికొదిలేశారు. నమ్మి రాసినవాడు నడిరోడ్డు మీద నిలబడ్డాడు. 2024 చివరికి విండోస్‌తోపాటు ఉచితంగా వచ్చే మెయిల్ యాప్‌కి మంగళం పాడి, దాని చోట వెబ్ పేజీలాంటి కొత్త అవుట్‌లుక్‌ను కూర్చోబెట్టారు. ఆపిల్ తక్కువ తినలేదు. 2018లో న్యూస్, స్టాక్స్, హోమ్, వాయిస్ మెమోస్ అనే నాలుగు ఐప్యాడ్ తరహా యాప్‌లను మ్యాక్ మీద పడేసి, మ్యాక్ మర్యాదలకు తనే నీళ్ళొదిలింది. ఇంటివాడే చెప్పులతో పూజగదిలోకి నడిస్తే వచ్చినవాళ్ళను ఏమనగలం?

ఇప్పుడు మనవాళ్ళతో రెండు మాటలు. ఈ యాప్‌లు ఎక్కడో చందమామ మీద తయారవడం లేదు. మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో, బెంగళూరులో, సియాటిల్‌లో తెలుగు కుర్రాళ్ళు, అమ్మాయిలు వాటిలో చేయి పెడుతున్నారు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డులు చదివితే రియాక్ట్, ఫుల్ స్టాక్ అన్న మాటలే. విండోస్ తన కిటికీని ఎలా గీస్తుందో, ఆండ్రాయిడ్ మెమరీ తక్కువైనప్పుడు ఏ యాప్‌ను ముందు చంపుతుందో చెప్పే బోర్డు నా కంట పడలేదు. ఉద్యోగం అలా ఉంది కాబట్టి చదువు అలా ఉంది, నిజమే. అయినా బాబూ, అమ్మా, నీ చేతిలో కంపెనీ పెట్టింది ముప్పై రెండు జీబీల మ్యాక్‌బుక్. దాని మీద ఏది రాసినా పరిగెత్తుతుంది. ఊళ్ళో మీ నాన్న వాడుతున్నది రెండు జీబీల ఫోను. నువ్వు రాసిన యాప్ అక్కడ ఎలా నడుస్తోందో పండక్కి వెళ్ళినప్పుడు ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూడు. మీ నాన్న "నాకు ఫోన్ వాడటం సరిగ్గా రాదురా" అంటాడు. ఆయనకు బాగానే వచ్చు. రానిది మనకు.

అడగాల్సినవి అడుగుదాం. పప్పు ప్యాకెట్ మీద ఏముందో ముద్రించకపోతే ఊరుకోం కదా. యాప్ స్టోరులో ప్రతి డెస్క్‌టాప్ యాప్ పక్కన, లోపల ఏ ఇంజన్ ఉందో, ఏ వెర్షనో, ఊరికే కూర్చున్నప్పుడు ఎంత మెమరీ పడుతుందో రాయించండి. ప్రభుత్వాలు తమ సేవలకు, బ్యాంకులు తమ ఖాతాదారులకు యాప్‌లు కట్టించేటప్పుడు టెండరులో ఒక షరతు పెట్టండి: నాలుగు జీబీ కంప్యూటర్లో, రెండు జీబీ ఫోనులో, స్క్రీన్ రీడర్ వాడే మనిషి చేత, తెలుగు కీబోర్డుతో పరీక్షించి చూపిస్తేనే బిల్లు పాస్. పెద్ద కంపెనీల్లో పనిచేసే ఇంజనీర్లు డిజైన్ మీటింగులో ఒక్క ప్రశ్న లేవనెత్తండి: ఈ నిర్ణయంతో మనకు మిగిలేది ఎంత, వాడేవాళ్ళందరికీ కలిపి అయ్యేది ఎంత? రెండో అంకె ఇప్పటిదాకా ఏ స్లైడులోనూ లేదు. అది ఉంటే చాలా స్లైడులు అక్కడితో ఆగిపోయేవి.

ఆ అంకె రాయనంతకాలం, "వేగంగా ఫీచర్లు ఇవ్వడానికే ఇలా చేశాం" అని ఏ కంపెనీ చెప్పినా నాకు వినిపించేది ఒకటే: బిల్లు మీ పేరున రాశాం, సంతకం కూడా మేమే పెట్టేశాం. నేను కట్టను. మీరూ కట్టకండి. నేటివ్ యాప్ ఉన్నచోట దాన్నే వాడండి, డబ్బులు అడిగితే ఇవ్వండి. అది లేనిచోట మూటను డౌన్‌లోడ్ చేయకుండా బ్రౌజర్ ట్యాబ్‌లో తెరిచి, పని కాగానే మూసేయండి. మన మెషీన్లో ఎవరు మకాం వేయాలో తేల్చేది మనమే.